మోడల్‌లో రెండు రోజులకే దిగే ముంపు, చేలో ఆరు రోజులు ఎందుకు ఉంటోంది?

కోనసీమకొలత

ఈ ఫోరమ్‌లో అందరికీ నమస్కారం. మధ్య డెల్టాలో వైనతేయ పాయలోకి దిగే ఒక మురుగు కాలువకి హెక్-రాస్‌లో (కాలువల్లో నీటి ప్రవాహాన్ని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) వన్-డీ మోడల్ కట్టాం. కాలువ పొడవు 9 కి.మీ. దాని కిందికి వచ్చే విస్తీర్ణం 16 చ.కి.మీ. అందులో వరి 10, కొబ్బరితోటలూ ఊళ్ళూ కలిపి 4, చేపల చెరువులూ రొయ్యల చెరువులూ 2. కాలువ అడుగు మట్టం ఎగువన +0.40 మీ., మొగ (కాలువ నదిలో కలిసే చోటు) దగ్గర −0.50 మీ. అంటే వాలు పదివేలకి ఒకటి. మొగ దగ్గర అడుగు వెడల్పు 15 మీ., గట్ల వాలు ఒకటిన్నరకి ఒకటి. చేల మట్టం +1.4 నుంచి +2.0 మీ. దాకా ఉంది. మొగలో మూడు ఖానాల (నీటి దారుల) స్లూయిజు, అంటే నీటిని బయటికి వదిలే కట్టడం, ఒక్కో ఖానా 1.5 × 1.5 మీ. బయటివైపు పోటుకి వాటంతటవే మూసుకునే ఇనుప తలుపులు ఉన్నాయి.

వాన రెండు రోజుల్లో 180 మి.మీ. అనుకున్నాం. పడిందంతా కాలువలోకే వస్తుందని లెక్కేస్తే 28.8 లక్షల ఘ.మీ. మానింగ్ ఎన్ (కాలువ గరుకుని చెప్పే అంకె) 0.030 ఇచ్చాం. కింది హద్దుకి నార్మల్ డెప్త్, అంటే మొగలో ఏ అడ్డూ లేకుండా నీరు వాలుకి సాగిపోతుందని, వాలు 0.0001. స్లూయిజుని విడిగా పెట్టలేదు. రెండు మీటర్ల లోతుకి 16.6 క్యూమెక్కులు (సెకనుకి ఘనమీటర్లు) పోతోంది, ముంపు రెండు రోజుల్లో దిగిపోతోంది. చేలో మాత్రం ఆ స్థాయి వానకి ఆరు రోజులు నీరు నిలుస్తుంది.

ఎన్‌ని 0.09కి పెంచితే మోడల్‌లోనూ సరిగ్గా ఆరు రోజులే వస్తోంది. కాలువ నిండా గుర్రపుడెక్క ఉంది కాబట్టి ఆ విలువని సమర్థించుకోవచ్చు కూడా. అక్కడితో క్యాలిబ్రేషన్ (మోడల్‌ని కొలతలకి సరిపెట్టడం) అయిపోయినట్టేనా? కాలువని అర మీటరు లోతు చేయాలన్న ప్రతిపాదన ఉంది. దానివల్ల ఎంత మేలో ఈ మోడల్‌తోనే చెప్పాలి.

పోటుపాటు

అవ్వలేదండి. 0.09 దగ్గర ఆపేస్తే మోడల్ మీతో ఏం చెబుతుందో చూడండి. గుర్రపుడెక్క తీయించి ఎన్‌ని 0.03కి తెచ్చుకుంటే రెండు రోజుల్లో నీరు దిగిపోతుందంటుంది. డబ్బు పెట్టి తీయిస్తారు. మళ్ళీ వాన వస్తే చేలో నీరు ఇంచుమించు అలాగే ఉంటుంది. ఎందుకంటే మీ నీటిని పట్టి ఉంచుతున్న చోటు కాలువలో లేదు, మొగలో ఉంది. ఆ మొగే మీ మోడల్‌లో లేదు.

కంప్యూటరు జోలికి పోకుండా కాగితం మీద చూద్దాం. మూడు ఖానాల వైశాల్యం 6.75 చ.మీ., ప్రవాహ గుణకం 0.7. ఆ ఖానాల్లోంచి 16.6 క్యూమెక్కులు పోవాలంటే లోపలికీ బయటికీ 0.63 మీ. మట్టం తేడా కావాలి. మీ వాలుతో చూస్తే ఆరు కిలోమీటర్లు పైచిలుకు కాలువ మొత్తం ఖర్చు పెట్టే ఎత్తు అది. పోటు తర్వాత నీరు వెనక్కి తగ్గే పాటు వేళ ఆ తేడా సగటున 0.23 మీ. ఉందనుకుంటే పోయేది 10 క్యూమెక్కులు. ఒక పోటు-పాటు చుట్టు 12 గంటల 25 నిమిషాలు. అందులో తలుపులు తెరుచుకుని ఉండేది ఆరున్నర గంటలు అనుకోండి. చుట్టుకి 2.34 లక్షల ఘ.మీ., రోజుకి దాదాపు నాలుగున్నర లక్షలు. 28.8 లక్షలని దాంతో భాగిస్తే 6.4 రోజులు. ఎన్ 0.03 దగ్గరే ఉంచి, గుర్రపుడెక్క మాటే ఎత్తకుండా, మీ ఆరు రోజులు వచ్చేశాయి.

సగటు తేడా, తెరుచుకునే గంటలు నేను ఊహించినవే. మీ స్లూయిజు దగ్గర కొలిస్తే మారతాయి. అయినా ఒకే ఆరు రోజుల జవాబు రెండు వేర్వేరు కారణాలతో వస్తోందంటే, రోజుల లెక్క ఒక్కదాన్ని పట్టుకుని క్యాలిబ్రేట్ చేయడం కుదరదని తేలిపోయినట్టే.

ఇప్పుడు మార్చాల్సినవి. కింది హద్దుకి నార్మల్ డెప్త్ తీసేసి, కాలంతో మారే నీటిమట్టం ఇవ్వండి. మొగ దగ్గర కల్వర్టు పెట్టి అందులో ఫ్లాప్ గేటు (ఒకవైపుకే తెరుచుకునే తలుపు) ఎంపిక చేయండి, వెనక్కి ప్రవాహం రాదు. స్విమ్ (SWMM) అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో చేసేవారైతే ఔట్‌ఫాల్‌ని టైమ్ సిరీస్‌గా పెట్టి, టైడ్ గేట్ అన్నచోట అవును అనాలి, రూటింగ్ డైనమిక్ వేవ్‌లోనే ఉండాలి. కైనమాటిక్ వేవ్‌కి వెనకపోటు కనబడదు. తలుపు మూసుకునే క్షణంలో మోడల్ ఊగిసలాడుతుంది. టైమ్ స్టెప్ నిమిషం నుంచి 15 సెకన్లకి తగ్గిస్తే సర్దుకుంటుంది.

ఒక్క విషయం దగ్గర చాలా జాగ్రత్తండి. పోటు పట్టికల్లో ఎత్తులు చార్ట్ డేటమ్ మీద ఉంటాయి, అంటే ఇంచుమించు బాగా దిగిన పాటు మట్టం మీద. మీ కాలువ మట్టాలు సగటు సముద్రమట్టం మీద ఉన్నాయి. ఈ రెంటి మధ్య తేడా ప్రతి రేవుకీ వేరు. దాన్ని తీసివేయకుండా పట్టికలోని అంకెల్ని అలాగే ఎక్కిస్తే సముద్రం మొత్తం పైకి లేచి కూర్చుంటుంది, తలుపులు అసలు తెరుచుకోవు. మీ మొగ సముద్రానికి లోపల ఉంది కాబట్టి పోటు అక్కడికి ఆలస్యంగానూ, కాస్త తగ్గీ చేరుతుంది. పట్టికని నమ్ముకోవడం కన్నా స్లూయిజు బయట ఒక స్కేలు కట్టి చదవడం మేలు.

మురుగుబోదె

పైన చెప్పింది నిజమే. అలాగని గుర్రపుడెక్కని వదిలేయడానికి లేదు. దట్టంగా అల్లుకున్నచోట ఎన్ 0.08 అనుకుంటే అదే కాలువ 16.6 బదులు 6.2 క్యూమెక్కులే తీసుకుంటుంది. అడుగున 40 సెం.మీ. పూడిక ఉంటే, ఎన్ మారకపోయినా 12కి పడిపోతుంది. అయితే ఇవి ఉన్నచోటే ఉండాలి. తొమ్మిది కిలోమీటర్లకీ ఒకే ఎన్ ఇవ్వకండి. ఏ మేర తూడు (నీటి కలుపు) ఉంది, ఏ మేర శుభ్రంగా ఉంది, ఎక్కడ వలకట్టు ఉంది అన్నది గట్టు మీద నడుస్తూ రాసుకుని ముక్కలు ముక్కలుగా ఇవ్వండి.

అడ్డుకోతలు (కాలువ అడ్డంగా ఉన్న ఆకారం కొలతలు) 200 మీటర్లకి ఒకటి చొప్పున తీసుకోండి. ప్రతి వంతెనకీ, తూముకీ ఎగువన ఒకటి, దిగువన ఒకటి అదనం. కోత తీసేటప్పుడు కర్ర దిగబడడం మొదలయ్యే మట్టం, గట్టినేల మట్టం రెండూ రాయాలి. మెత్తటి బురద మీద కర్ర ఆగినచోటే అడుగు అనుకుంటే పూడిక లెక్కలోకి రాదు. పాత నకాషాల్లోని మట్టాలు అడుగుల్లో ఉంటే మీటర్లలోకి మార్చి, వాటిని ఒకే బెంచ్‌మార్కుకి కట్టి సరిచూడండి. పదివేలకి ఒకటి వాలులో పది సెంటీమీటర్ల తప్పంటే కిలోమీటరు వాలు పోయినట్టే.

స్కేళ్ళు మూడు చాలు: స్లూయిజు బయట, స్లూయిజు లోపల, కాలువ మధ్యలో ఒక వంతెన స్తంభానికి. అరగంటకోసారి, 25 గంటలపాటు ముగ్గురు ఒకే గడియారం ప్రకారం చదవాలి. అమావాస్యకో పౌర్ణమికో ఒకసారి, అష్టమి నాటికి ఒకసారి. ముందు వాన లేని రోజుల్లో చదివినదానికి మోడల్ సరిపోవాలి, ఆ తర్వాతే వాన రోజులకి వెళ్ళాలి. స్లూయిజు గుణకం మొదటి రెండు స్కేళ్ళ నుంచి వస్తుంది, ఎన్ రెండో స్కేలుకీ మూడోదానికీ మధ్య వాలు నుంచి వస్తుంది. ఇలా విడదీస్తే ఒకదాని తప్పు ఇంకోదాని నెత్తిన పడదు.

తలుపుల్ని పాటు సమయంలో దగ్గరికెళ్ళి చూడండి. కాగితం మీద మూడు ఖానాలుంటాయి. అక్కడ ఒక తలుపు కింద గుర్రపుడెక్క వేళ్ళ చుట్ట ఇరుక్కుని బెత్తెడు సందు ఉండిపోతుంది. ఇంకోదానికి కీలు తుప్పుపట్టి, నీరు తోస్తున్నా జానెడుకి మించి లేవదు. బయట ఆప్రాన్ (స్లూయిజు ముందున్న గట్టి పరుపు) మీద ఇసుక మేట వేసి మూడోది సగానికే ఆగుతుంది. మొదటిది ఉప్పునీటిని లోపలికి రానిస్తుంది, మిగతా రెండూ మురుగుని బయటికి పోనివ్వవు. మోడల్‌లో మూటికీ ఒకే గుణకం పెడితే ఇవేవీ కనబడవు.

వాన లెక్క కూడా మార్చాలి. వరిచేను సిమెంటు నేల కాదు. 20 సెం.మీ. గట్టులో 5 సెం.మీ. నీరు ముందే ఉంటే, ఇంకో పదీ పదిహేను సెంటీమీటర్లు చేనే పట్టుకుంటుంది, ఆ తర్వాతే చేల పక్క చిన్న కాలువ అయిన బోదెలోకి పొర్లుతుంది. చేలని స్టోరేజ్ ఏరియాలుగా (నీరు నిలిచే చోట్లుగా) పెట్టి, గట్టు ఎత్తుని లేటరల్ స్ట్రక్చరుగా (పక్కనుంచి నీరు పొర్లే కట్టుగా) ఇవ్వండి. చెరువులది తలకిందుల సంగతి. వాటి గట్లు ఎత్తు, వాన నీరు దానంతటది బయటికి రాదు, మోటార్లు పెట్టి తోడతారు. మూడు మీటర్ల ఎత్తుకి తోడే పది హెచ్‌పీ మోటారు సగం సామర్థ్యంతో పనిచేసినా సెకనుకి 125 లీటర్లు పోస్తుంది. 40 మోటార్లు ఒకేసారి ఆడితే 5 క్యూమెక్కులు, అంటే మీ స్లూయిజు సగటున పంపేదాంట్లో సగం. అదీ చేలల్లో నీరు నిలిచి ఉన్న రోజుల్లోనే.

కోనసీమకొలత

ఇద్దరికీ ధన్యవాదాలండి. మారే మట్టం, ఫ్లాప్ కల్వర్టులు, చేలకి స్టోరేజ్ ఏరియాలు పెట్టాం. ఎన్ 0.035తో ఐదున్నర రోజులు వస్తోంది. స్లూయిజు లోపలా బయటా చదివినవి బాగానే కలిశాయి. మధ్య వంతెన దగ్గర మాత్రం అసలు మట్టం మోడల్ కన్నా 35 సెం.మీ. పైన ఉంటోంది. అక్కడ ఎన్ 0.12 పెడితే తప్ప కలవడం లేదు. ఇంకో మాట: లోతు చేసే ప్రతిపాదన గురించి మోడల్ పెద్దగా మేలు చూపించడం లేదు, అది నిజమేనా?

మురుగుబోదె

ఎన్ 0.1 దాటి అడుగుతోందంటే అక్కడున్నది బహుశా గరుకు కాదండి, అడ్డు. వంతెనకీ స్లూయిజుకీ మధ్య నాలుగైదు చోట్ల ఒకే గంటలో మట్టాలు తీయండి. తూడు వల్లనైతే మట్టం కిలోమీటర్ల మేర నిదానంగా దిగుతుంది. తూము వల్లో వలకట్టు వల్లో అయితే ఆ 35 సెం.మీ.లో ఎక్కువ భాగం పది ఇరవై మీటర్లలోనే దిగిపోతుంది. అలా దిగినచోట ఆ కట్టడాన్నే మోడల్‌లో పెట్టి, ఎన్‌ని వెనక్కి తెచ్చేయండి. తోటల్లోకి దారి కోసం పైపులు పరిచి మట్టి కప్పిన దాట్లు సర్వే నకాషాల్లో ఉండవు, నడిస్తేనే దొరుకుతాయి.

లాకుసెంటర్

లోతు సంగతిలో మోడల్ చెబుతున్నది నిజమేనండి. మీ స్లూయిజు గడప, అంటే ఖానాల అడుగు, −0.50 దగ్గర ఉంది. కాలువ అడుగుని −1.0కి తవ్వితే గడప కింద అర మీటరు నీరు కదలకుండా నిలుస్తుంది, అంతే. నీటిమట్టం ఎంత దిగాలన్నది గడపా, బయటి పాటూ తేలుస్తాయి. పైగా ఆ గుంటలో, కారే తలుపు సందులోంచి వచ్చిన ఉప్పునీరు అడుగున పేరుకుంటుంది. పూడిక తీసి అసలు అడుగుకి తేవడం వేరు, గడప కన్నా కిందికి తవ్వడం వేరు. మొదటిది చేయాల్సిందే.

నేను చెప్పదలచింది దీనికి ముందు మెట్టు. ఈ మోడల్ ఏ ప్రశ్నకి జవాబివ్వాలో ఎక్కడైనా రాసి పెట్టారా? ముంపు తగ్గాలి అంటే చాలదు. కొలవగలిగే వాక్యం కావాలి. ఉదాహరణకి, ఊడ్చి (నాట్లు వేసి) పదిహేను రోజులైన చేలో 15 సెం.మీ. మించిన నీరు మూడు రోజులకి పైగా నిలవకూడదు. కోతకొచ్చిన చేనుకి ఇంకో వాక్యం, కొబ్బరితోటకి ఇంకోటి. ఉప్పు గురించి విడిగా ఒకటి. ప్రతి వాక్యానికీ మోడల్‌లో ఏ రన్ దాన్ని పరీక్షిస్తుందో, పొలంలో ఏ స్కేలు దాన్ని రుజువు చేస్తుందో పక్కనే రాయాలి. రన్ లేని వాక్యం, వాక్యం లేని రన్ రెండూ మిగలకూడదు. విమానాలకీ, ఉపగ్రహాలకీ పెద్ద పెద్ద మోడళ్ళతో చేసే సిస్టమ్స్ ఇంజనీరింగ్ పనికి మూలం ఇదే. మన మురుగు కాలువకి ఒక ఎక్సెల్ పట్టికలో సరిపోతుంది.

రెండోది, కలిసే చోట్ల పట్టిక. మీ కాలువ ఒంటరిది కాదు. పంటకాలువ చివర మిగులు నీరు మీ కాలువలోనే పడుతుంది. చెరువుల మోటార్లు అందులోకే పోస్తాయి. మొగ బయట నది ఉంది. ఒక్కో కలయిక దగ్గర నాలుగే అంశాలు: దాటేది ఏమిటి, ఎంత, ఏ ప్రమాణంలో, దాన్ని ఎవరు నడుపుతారు. సాగునీటి లెక్క క్యూసెక్కుల్లో (సెకనుకి ఘనపుటడుగులు) వస్తుంది, మీ మోడల్ క్యూమెక్కుల్లో ఉంది. ఒక క్యూమెక్కు 35.3 క్యూసెక్కులు. ఈ మార్పిడి ఎవరు చేయాలో రాయకపోతే ఇద్దరూ చేస్తారు, లేదా ఎవ్వరూ చేయరు.

మూడోది నది. మీరు పెట్టిన హద్దులో పోటు-పాటు ఒక్కటే ఉంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి, అంటే 10 లక్షల క్యూసెక్కులకి, మొదటి హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంత నీరు పాయల్లోకి దిగినప్పుడు మీ మొగ బయట పాటు దిగడం తగ్గిపోతుంది, తలుపులు రోజుల తరబడి మూసుకునే ఉండొచ్చు. 1986 ఆగస్టులో వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గోదావరి వరద జులై నుంచి సెప్టెంబరు దాకా ఎగువ వానలతో వస్తుంది, ఊడ్పుల కాలం అది. తుపాను వాన అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది, సార్వా (ఖరీఫ్) కోతలకి ముందు. రెండూ వేర్వేరు పరీక్షలు. పోటు రెండు రకాలు, నది రెండు స్థితులు, కాలువ శుభ్రంగా ఒకసారి తూడుతో ఒకసారి, తలుపులు అన్నీ పనిచేస్తూ ఒకసారి ఒకటి ఇరుక్కుని ఒకసారి: మొత్తం 16 రన్నులు. కంప్యూటరుకి ఒక పూట పని. ఏ ప్రతిపాదననైనా ఈ పదహారింటి మీదా నిలబెట్టి చూడాలి.

ఇంకా, జామెట్రీ ఫైలు ఒక్కటే అసలు ప్రతి అని తేల్చుకోండి. ఎవరి ల్యాప్‌టాప్‌లో వారి కాపీ ఉంటే ఏడాదికి మూడు కాలువలు తయారవుతాయి. వేసవిలో కాలువలకి నీరు కట్టేశాక పూడిక తీసిన ప్రతిసారీ కొత్త కోతలు ఎక్కించి, తేదీతో కొత్త సంఖ్య ఇవ్వాలి.

కోనసీమకొలత

గడప సంగతి స్పష్టమైంది. లోతు బదులు ఖానాలు మూడు నుంచి ఐదు చేస్తే ఆరు రోజులు మూడున్నరకి రావాలి కదా, అయిదింట మూడు వంతులు?

పోటుపాటు

అంత రాదండి. ఖానాలు పెంచితే అదే మట్టం తేడాకి ఎక్కువ నీరు పోతుంది, నిజమే. అయితే ఎక్కువ పోయిన కొద్దీ స్లూయిజు లోపలి మట్టం త్వరగా దిగి, ఆ తేడానే తగ్గిపోతుంది. అప్పటిదాకా మొగ దగ్గరున్న ఇరుకు ఇప్పుడు మీ వంతెన దగ్గరి అడ్డుకి జరుగుతుంది. అందుకే ముందు అడ్డు తీసిన రన్, తర్వాత ఖానాలు పెంచిన రన్, ఆఖరికి రెండూ కలిపిన రన్ చేయండి. రెండూ కలిపినప్పటి మేలు విడివిడి మేళ్ళ మొత్తం కన్నా ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. అలా వస్తే ఒక్కదానికే నిధులు అడగడం వృథా.

పంపుల మాట కూడా వస్తుంది కాబట్టి ఇప్పుడే లెక్క వేసుకోండి. తలుపులు మూసుకున్న 12 గంటలు 3 క్యూమెక్కుల పంపు ఆడితే రోజుకి 1.3 లక్షల ఘ.మీ. మీటరు ఎత్తుకి, 60 శాతం సామర్థ్యంతో 49 కిలోవాట్లు. నది హెచ్చరికలో ఉండి తలుపులు తెరుచుకోని రోజుల్లో బయటికి దారి అదొక్కటే, అక్కడ దాని విలువ ఎక్కువ. మామూలు రోజుల్లో మీ ఖానాలు పంపే నాలుగున్నర లక్షల పక్కన అది చిన్నది. తుపాను గాలికి కరెంటు పోతుంది, డీజిలు లేని పంపుని రన్‌లో సున్నాగా పెట్టండి.

లాకుసెంటర్

ఇంకొకటి, కట్టుబడి ఏమీ అక్కర్లేనిది. వాన వస్తుందని రెండు రోజుల ముందు తెలిస్తే ఏం చేయాలన్నది ఇదే మోడల్‌తో చూడండి. అందరూ మురుగు కాలువని ముందే దించుకోవాలంటారు. 9 కి.మీ., సగటు వెడల్పు 22 మీ., 60 సెం.మీ. దించితే 1.2 లక్షల ఘ.మీ. మొత్తం వాన నీటిలో నాలుగు శాతం. అదే పది చదరపు కిలోమీటర్ల వరిచేలో ఐదు సెంటీమీటర్లు ముందే తీసి ఉంచితే 5 లక్షల ఘ.మీ. జాగా దొరుకుతుంది. మీ స్లూయిజు ఒక రోజంతా పంపేదాని కన్నా ఎక్కువ.

చేలో ఐదు సెంటీమీటర్లు తగ్గాలంటే పంటకాలువ నీరు ముందు ఆగాలి. శివారు పిల్లకాలువ తూములు దించమని లస్కరుకి (కాలువ నీరు వదిలే సిబ్బందికి) చెప్పాల్సింది వాన మొదలయ్యాక కాదు, కనీసం నాలుగు పాట్ల ముందు, అంటే రెండు రోజులు. ఆ నాలుగు పాట్లలో చేల నీరు బోదెల్లోంచి మొగ దాటుతుంది. దాళ్వాలో (రబీలో) రైతు నీరు వదలడు, వంతులవారీగా వచ్చిన నీరది. సార్వాలో వదులుతాడు, కానీ వాన రాకపోతే మళ్ళీ నీరిస్తామన్న మాట ముందే కావాలి. ఆ తూములు దించే నిర్ణయం ఎవరిదో, ఏ సూచన మీదో, మీ కలిసే చోట్ల పట్టికలో మొదటి వరుసలో రాయండి. రన్ చేసి ఐదు సెంటీమీటర్లకీ, మూడుకీ ఎన్ని రోజులు తగ్గుతుందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.